ముందు కప్పు, చివర రంగు

తాతల నాటి ఇంటిని బాగుచేసుకుందామనుకున్న కుటుంబం సాధారణంగా మొదట రంగుల షాపుకి వెళ్తుంది. ముందుగదికి ఏ రంగు, తలుపులకి ఏ పాలిష్, వంటింట్లో ఏ టైల్స్ అని మాట్లాడుకోవడం అందరికీ హాయిగా ఉంటుంది. ప్రతివాళ్లకీ ఒక అభిప్రాయం ఉంటుంది. చెమ్మ పట్టిన గోడ గురించీ, చెదలు తిన్న వాసం గురించీ మాట్లాడటం అంత హాయి కాదు కాబట్టి ఆ సంగతి వెనక్కి పోతుంది. ఉగాదికి వేసిన రంగు దసరాకల్లా పొరలుగా లేస్తుంది. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ "నేను అప్పుడే చెప్పాను, ఎవరు విన్నారు?" అన్న మాట ఆ ఇంట్లో ఏళ్ల తరబడి తిరుగుతుంది.

పాత ఇంటిని సొంతంగా బాగుచేసుకునే కుటుంబానికి పనితనం కన్నా వరస ముఖ్యం. ఏ పని తర్వాత ఏ పని చేయాలో వాననీటి దారిని బట్టి తేల్చుకోవాలి, మన సరదాలను బట్టి కాదు. ఇల్లంతా ఒక్కసారి విప్పకుండా ఒక గది పట్టుకుని, దాన్ని పూర్తిగా ముగించి, తర్వాతే రెండో గదిలోకి వెళ్లాలి. ఈ అధ్యాయంలో చెప్పబోయేదంతా ఈ రెండు మాటలకు వివరణే.

నేను మాట్లాడుతున్నది గోదావరి జిల్లాల మండువా లోగిళ్ల గురించి, పెంకుటిళ్ల గురించి, తెలంగాణలో భవంతి ఇల్లు అని పిలుచుకునే వాటి గురించి. మూరెడు మందాన ఇటుక గోడలు, సున్నం గచ్చు, టేకు దూలాలు, పైన పెంకు. ఇప్పటి సిమెంటు ఇళ్లకు పనికొచ్చే సలహాలు వీటికి పనికిరావు. కొన్నిసార్లు హాని కూడా చేస్తాయి.

ఇల్లు ఎవరిది?

సుత్తి పట్టుకునే ముందు ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉండాలి. తాతగారి పేరున ఉన్న ఇంటి మీద మనవడు లక్షలు పెట్టి బాగుచేయించాక, పంపకాల దగ్గర గొడవపడి మాటలు మానేసిన కుటుంబాలు మన ఊళ్లలో కొత్త కాదు. హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఈ హక్కు వర్తిస్తుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "అక్కయ్యలకి చెప్పేదేముందిలే, వాళ్లు అత్తారింటికి వెళ్లిపోయారు కదా" అన్న మాట మర్యాదా కాదు, చట్టమూ ఒప్పదు. హక్కుదారులందరినీ కూర్చోబెట్టి ఎవరు ఎంత పెడుతున్నారు, రేపు వాటాలు పంచుకునేటప్పుడు ఆ ఖర్చును ఎలా లెక్కలోకి తీసుకుంటారు అన్నది రాసుకుని అందరూ సంతకాలు చేయండి. ఒకసారి లాయరుకి చూపించండి. సొంతవాళ్ల మధ్య కాగితం ఏమిటని మొహమాటపడవద్దు. సొంతవాళ్లుగా మిగలడానికే ఆ కాగితం.

పెంకు మీద చెయ్యి వేయండి

పాత ఇంటికి వచ్చే రోగాల్లో ఎక్కువ భాగం పైనుంచి వస్తాయి. ఒక పెంకు జారితే ఆ సందులోంచి దిగిన నీరు ముందు రీపరును నానబెడుతుంది, తర్వాత వాసాన్ని, ఆ తర్వాత దూలం గోడలోకి దూరిన కొసను. తడిసిన కర్రకి చెదలు వస్తాయి. కింద గదిలో మనకి కనిపించేది గోడ మీద ఒక పసుపు చార మాత్రమే. ఆ చార మీద రంగు వేస్తే రోగం కనపడకుండా పోతుంది కానీ తగ్గదు.

ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం అటక ఎక్కి, దీపం తీసేసి కాసేపు కళ్లు అలవాటు పడేదాకా ఆగండి. కప్పులో ఎక్కడ వెలుతురు చుక్కలు కనిపిస్తే అక్కడ నీరు దిగుతుంది. ఆ చోట్లన్నీ వాసాల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత స్క్రూడ్రైవర్‌తో ప్రతి వాసాన్నీ, ముఖ్యంగా గోడలోకి వెళ్లే కొసల్నీ గుచ్చి చూడండి. మంచి టేకులో మొన దిగదు. దిగిందంటే లోపల డొల్ల. మండువా లోగిలి అయితే లోపలి నాలుగు మూలలూ మరీ జాగ్రత్తగా చూడాలి. రెండు వాలుల నీళ్లు ఒకే గాడిలోకి వచ్చేది అక్కడే. ఆ గాడి కింద పరిచిన రేకు తుప్పు పడితే, పైన పెంకులు ఎంత బాగున్నా మూలవాసం నానుతూనే ఉంటుంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించే మంగళూరు పెంకు చరిత్ర 1865 నాటిది. ఆ ఏడాది బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టాక ఈ పెంకు దక్షిణాది అంతటా పాకింది. ఒక్కోటి రెండు మూడు కిలోలు ఉంటుంది. వంద చదరపు అడుగుల కప్పుకి సుమారు 140 కావాలి. పెంకును దించి అడుగు భాగం తుడిస్తే ఫ్యాక్టరీ పేరు అచ్చుపోసి కనిపిస్తుంది. ఆ పేరు రాసుకోవడం సరదా కోసం కాదు. ఒక ఫ్యాక్టరీ పెంకు గాడి ఇంకో ఫ్యాక్టరీ పెంకుతో సరిగ్గా కలవదు, కలవని చోట నీరు దిగుతుంది. కాబట్టి పగిలినవాటి బదులు కొత్తవి కొనేముందు, చుట్టుపక్కల ఊళ్లలో పడగొడుతున్న ఇళ్ల దగ్గర అదే పేరు పెంకులు దొరుకుతాయేమో వాకబు చేయండి. కేరళలో స్థిరపడి ఎన్నో ఇళ్లు కట్టిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ పడగొట్టిన ఇళ్ల కలపనీ, పెంకునీ, కిటికీలనీ ఏరుకొచ్చి వాడేవారు. పాత సామాను వాడటం పిసినారితనం కాదు. పాత ఇంటికి అతికేది అదే.

దించిన ప్రతి పెంకునూ ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో కొట్టి వినండి. ఖంగుమంటే బాగున్నట్టు. బొదబొదమంటే కంటికి కనిపించని చీలిక ఉన్నట్టు, దాన్ని పక్కన పడేయండి. నాచును కొబ్బరిపీచుతో రుద్ది కడిగి ఎండబెట్టండి. ఇది పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి కూర్చుని చేసుకోగల పని. పదేళ్ల పిల్ల కూడా అరగంటలో చప్పుడు తేడా పట్టేస్తుంది, అటుపైన ఆ పని ఎవరికీ వదలదు.

కప్పు ఎక్కడం మాత్రం వేరే సంగతి. పెంకు నేయించడం ఊళ్లో అలవాటున్న పనివాళ్లకి వదిలి, మీరు కింద నుంచి అందించండి. కొప్పు పెంకులు కూర్చడం ఒక నేర్పు. తప్పనిసరై పైకి వెళ్తే కాలు వాసం ఉన్న వరస మీద పడాలి, పెంకు నడుమ కాదు. తడిగా ఉన్నప్పుడు అసలు ఎక్కవద్దు. కింద గదిలో మనిషి ఉండకూడదు. వెనకవైపు పంచకి సిమెంటు రేకులు ఉంటే వాటిని మీరు కోయకండి, పగలగొట్టకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు.

కప్పు పని సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టి మృగశిర కార్తెలోపు, అంటే జూన్ మొదటి వారంలోపు ముగియాలి. ఈ గడువు కదలదు.

ఒక వర్షాకాలం ఆగండి

కప్పు అయిపోయాక నాలుగు నెలలు గోడల్ని ముట్టుకోకుండా చూడాలన్న సలహా చాలామందికి రుచించదు. చేతిలో ఊపు ఉంటుంది, డబ్బు ఉంటుంది, అన్నయ్యకి సెలవు ఉంటుంది. అయినా ఆగమనే చెబుతాను. కప్పు బాగయ్యాక కూడా ఏ గోడ తడుస్తోందో వానే చూపిస్తుంది. మరో దారిలో అది తెలియదు.

మన ఊళ్లలో ఒక కొత్త చిక్కు కూడా ఉంది. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో వీధి ఎత్తు పెరిగి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన అరుగు ఇప్పుడు రోడ్డుకి సమానమైంది. వీధి నీళ్లు గోడ పాదంలో నిలుస్తున్నాయి. పాత ఇళ్ల పునాదిలో చెమ్మని ఆపే పొర ఉండదు కాబట్టి ఇటుక ఆ నీటిని పైకి పీలుస్తుంది. సాధారణంగా ఒక మీటరు ఎత్తు దాకా. అక్కడ ఉప్పు పొంగి, గచ్చు పొడిగా రాలుతుంది. దీనికి మందు గోడకి పూసేది కాదు. గోడ చుట్టూ పేరుకున్న మట్టి తవ్వి తీయడం, నీళ్లు గోడకి దూరంగా పోయేలా వాలు ఇవ్వడం, మండువా తూము పూడిపోయి ఉంటే తీయడం. పార, గమేళా, నలుగురు మనుషులు ఉంటే రెండు ఆదివారాల్లో అయ్యే పని ఇది. ఖర్చు దాదాపు లేదు. ఫలితం మాత్రం ఏ ఖరీదైన వాటర్‌ప్రూఫ్ రంగుకన్నా ఎక్కువ.

బీటల సంగతీ అంతే. కనిపించగానే సిమెంటుతో పూడ్చేయకండి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయండి. వానలు వెళ్లాక కొస గీత దాటిందేమో చూడండి. దాటకపోతే అది ఎప్పుడో ఆగిపోయిన పాత బీట. దాటినా, వెడల్పు అయిదు మిల్లీమీటర్లు మించినా ఇంజనీరుని పిలవాలి. రామచంద్రపురం దగ్గర మా మేనత్తగారింట్లో పడమటి గది మూల నిలువునా ఒక బీట ఉండేది. పునాది తవ్వించాలా అని మగవాళ్లందరూ తర్జనభర్జన పడుతుంటే, కూరగాయలు తరుగుతున్న అత్తయ్య తల ఎత్తకుండానే అంది: "ఆ మూల నుయ్యి ఉండేదిరా. మీ మావయ్య పూడ్పించారు. ఆ మరుసటేడు వచ్చిందది. అప్పట్నించీ అంతే ఉంది." వేసవిలో గీసిన పెన్సిల్ గీతలు కార్తీకం నాటికి అక్కడే ఉన్నాయి, బీట కదల్లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని ఒక పూట గదిగదికీ తిప్పి, చెప్పిందంతా రాసుకోండి. ఏ గోడ తర్వాత కట్టింది, ఏ తలుపు ఎక్కణ్నుంచి వచ్చింది, ఏ తుఫానుకి ఏది పడింది. ఏ ఇంజనీరు దగ్గరా దొరకని సమాచారం అది. పైగా, ఇల్లు బాగుచేసే పనిలో మేమూ ఉన్నామన్న ధీమా వాళ్లకి వస్తుంది.

సున్నంతో కట్టిన గోడకి సున్నమే

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. పాత సున్నపు గోడ మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేయించవద్దు. మేస్త్రీ అదే చేద్దామంటాడు, తొందరగా అవుతుంది, నున్నగా కనిపిస్తుంది. కానీ సున్నం గచ్చు గోడలోని తడిని మెల్లగా బయటికి వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపల బిగబడుతుంది. లోపల చిక్కిన తడి ఇంకా పైకి ఎక్కుతుంది, సిమెంటు కన్నా మెత్తనైన పాత ఇటుక దాని వెనక పొడైపోతుంది. కొన్నేళ్లకి సిమెంటు పెచ్చు ఇటుక ముఖాన్ని కూడా లాక్కుని ఊడుతుంది.

సున్నం నానబెట్టడం కుటుంబం చేసుకోగలిగినదే, అయితే జాగ్రత్త కావాలి. ఇనప డ్రమ్ములో సగానికి నీళ్లు పోసి, కాల్చిన సున్నపు రాళ్లని కొద్దికొద్దిగా నీళ్లలో వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోయకూడదు, ఎగిరి మీద పడతాయి. రాయి పడగానే బుసమని శబ్దం వస్తుంది, నిమిషాల్లో డ్రమ్ము అంతా కుతకుత ఉడుకుతుంది. పొడుగాటి కర్రతో దూరం నుంచి కలపాలి. కళ్లద్దాలు, చేతులకి రబ్బరు తొడుగులు లేకుండా ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు. పిల్లలు వీధి అరుగు మీదే ఉండాలి. కంట్లో పడితే పావుగంటకి తగ్గకుండా ధారగా మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. చల్లారాక జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా కనీసం నెల రోజులు నాననిస్తే వెన్నముద్దలా అవుతుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఉప్పు లేని ఏటి ఇసుక. మన పూర్వులు ఇందులో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి గానుగ తిప్పి డంగు సున్నం చేసేవాళ్లు.

గోడని ముందు బాగా తడపాలి. పల్చగా ఒక పూత వేసి, అది బిగిశాక రెండోది. వారం పది రోజులు రోజూ నీళ్లు చిలకరించాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని గట్టిపడుతుంది, దానికి వారాలు పడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో వేస్తే ఆ సమయం దొరక్క ఎండి పగులుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా దీనికి మంచి కాలం. ముందు ఒక మూల రెండడుగుల చదరం వేసి చూసుకుని, కుదిరాక మిగతాది వేయండి. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ కాకుండా సున్నమే వేయండి.

మన చేతులు పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. గోడ తీసేసి గదులు కలపడం వాటిలో మొదటిది. ఈ ఇళ్లలో దాదాపు ప్రతి గోడా దూలాన్ని మోస్తోంది. కరెంటు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే. కర్రబద్దల మీద నడిచే పాత వైరింగ్ మొత్తం తీయించి, ఎర్తింగ్ వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. తడిసిన గోడా, పాత వైరూ కలిస్తే ప్రాణం పోతుంది. సెప్టిక్ ట్యాంకులోకి మీరు దిగవద్దు, ఎవరినీ దించవద్దు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రాన్ని పిలవండి.

ఒక గది ముగించడం ఎందుకు?

2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోకన్, డాన్ ఏరియలీ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. మనుషులు తమ చేత్తో చేసిన వస్తువుకి, అది మామూలుగా ఉన్నా, ఎక్కువ విలువ కడతారని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. ఈ సంగతి చాలా పుస్తకాల్లో రాశారు. అదే అధ్యయనంలోని రెండో భాగాన్ని తక్కువమంది పట్టించుకున్నారు. పని ముగించలేకపోయినప్పుడు ఆ మమకారం పుట్టలేదు. సొంత చేతుల కష్టం ఇంటి మీద ప్రేమగా మారుతుందని మనం అనుకుంటాం. సగంలో ఆగిన కష్టం అలా మారదు. అయిదు గదులు విప్పి ఏదీ ముగించని ఇంట్లో, ఎంత పని చేసినా ఎవరికీ తృప్తి ఉండదు. పడుకోవడానికి చోటుండదు, దుమ్ములో వంట, చిరాకులో మాట. ఒక్క గది తలుపు గొళ్లెంతో సహా పూర్తయి, అందులో ఫ్యాను తిరుగుతూ, అందరూ కింద కూర్చుని అన్నం తింటే రెండో గదికి బలం వస్తుంది.

గడువు వేసుకునేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి. మనుషులు తమ పని ఎంతకాలం పడుతుందో తరచుగా తక్కువగానే ఊహిస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లోనే చెప్పారు. పాత ఇంటి విషయంలో గోడ విప్పేదాకా లోపలేముందో తెలియదు కూడా. వేసుకున్న అంచనాలో మూడో వంతు అదనంగా పక్కన పెట్టకుండా మొదలుపెట్టవద్దు.

డబ్బుకి ఒక పుస్తకం పెట్టండి. అందులో శ్రమ కూడా రాయండి. తమ్ముడు డల్లాస్ నుంచి డబ్బు పంపుతాడు, అక్కాబావా ఊళ్లో ఎండలో నిలబడి పని చేయిస్తారు. రెండేళ్లకి ఒకరు "డబ్బంతా నాదే కదా" అనుకుంటారు, మరొకరు "కష్టమంతా మాదే కదా" అనుకుంటారు. ఇద్దరి మాటా నిజమే. ఎవరెన్ని పూటలు పని చేశారో, పనివాళ్లకి ఎవరు వండిపెట్టారో అదే పుస్తకంలో ఉండాలి. పదిమందికి రోజూ టీలు, భోజనాలు అందించిన వదినగారి కష్టం సిమెంటు బిల్లు కన్నా తక్కువేమీ కాదు. నెలకోసారి ఆ పేజీలు ఫోటో తీసి అందరికీ పంపండి. గదికి ఒకరి మాట చెల్లేలా ముందే అనుకోండి. వంటింట్లో రోజూ నిలబడేది ఎవరో, ఆ గట్టు ఎత్తు వాళ్లే చెప్పాలి.

చివరగా కలప గురించి. పాత తలుపులు, కిటికీలు విప్పేటప్పుడు ప్రతి ముక్క మీదా గది, దిక్కు, వరస అంకె రాయండి. విప్పిన ఇల్లు మళ్లీ ఎలా నిలుస్తుందో చూడాలంటే, చెన్నై దగ్గర దక్షిణచిత్ర మ్యూజియంలో మన తెలుగు ఇళ్లతో సహా ఎన్నో ప్రాంతాల పాత ఇళ్లని మళ్లీ నిలబెట్టారు. వీలైతే పని మొదలుపెట్టే ముందు కుటుంబమంతా వెళ్లి చూసి రండి. మీ పాత తలుపులు, కిటికీల మీద ఉన్న ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకి కట్టడి చేసే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. కాబట్టి పొడిగా గీకవద్దు. తడిపి, మాస్కు కట్టుకుని, చిన్నపిల్లలూ గర్భిణులూ లేని చోట గీకి, ఆ చెత్తని మూటగట్టి పారేయండి.

సంక్రాంతికి అందరూ ఊరొస్తారు. వాకిట్లో మంటకి ఏముందా అని పెరట్లో వెతుకుతారు. ఈసారి పాత కిటికీ రెక్కలు, ద్వారబంధాలు భోగిమంటలో వేయకండి. వాటి పొగలో సీసం ఉండవచ్చు, కర్రలో ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా దొరకని టేకు ఉంటుంది. వాటిని అటక మీద పెట్టి, ఆ సాయంత్రమే అక్కచెల్లెళ్లనీ అన్నదమ్ములనీ కూర్చోబెట్టి ఇంటి సంగతి మాట్లాడండి. మృగశిరకి అయిదు నెలల టైముంటుంది, కప్పుకి అది సరిపోతుంది.